పొదిలి రోడ్డులో ఇంజిన్ పట్టేసింది: ఇన్సూరెన్స్ ఇస్తుందా, వారంటీ ఇస్తుందా, ఎవరూ ఇవ్వరా?

కనిగిరి_కుర్రోడు
అన్నలూ, కొంచెం అర్జెంటు. మాది డీజిల్ కారు, 1500 సీసీ లోపే, కొని నాలుగేళ్లు దాటింది, 70 వేల కిలోమీటర్లకి దగ్గర్లో ఉంది. పోయిన వారం ఒంగోలులో సర్వీస్ చేయించి ఆయిల్ మార్పించాం, ఆ తర్వాత ఊళ్లోనే ఇంటికీ కొట్టుకీ మధ్య తిరిగింది. నిన్న రాత్రి మా బావమరిది ఒక పెళ్లికని బండి ఒంగోలు తీసుకెళ్తుంటే పొదిలి దాటాక మీటర్లో ఎర్ర లైటు వెలిగిందంట, ఆ ఆయిల్ కూజా గుర్తు ఉంటదే అది. చీకట్లో ఎక్కడ ఆపేదిలే, చీమకుర్తి దాకా పోదాం అనుకున్నాడు, చీమకుర్తి రాకముందే కింద నుంచి టకటకమని శబ్దం వచ్చి బండి ఆగిపోయింది. మళ్లీ సెల్ఫ్ కొడితే కటక్‌మని ఒక్క చప్పుడు, ఇంజిన్ తిరగట్లా.

టోయింగ్ పెట్టి అదే సర్వీస్ సెంటర్‌కి చేర్చాం. పైపైన చూసి ఇంజిన్ పట్టేసింది, హాఫ్ ఇంజిన్ (పిస్టన్లు, క్రాంకుతో ఉండే కింది సగం) మార్చాలి, 1,90,000 ఎస్టిమేటు అన్నారు. వారంటీ అయిపోయింది, ఎక్స్‌టెండెడ్ తీసుకోలేదు. ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఫోన్ చేస్తే నీది ఫుల్ ఇన్సూరెన్సు, జీరో డెప్ కూడా ఉంది, టెన్షన్ పడకు అంటాడు. సర్వీస్ సెంటర్ వాళ్లేమో మెకానికల్ ఫెయిల్యూర్‌కి ఇన్సూరెన్స్ రాదు, మీరు ఊ అంటే రేపే ఇంజిన్ విప్పుతాం అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ట్రంకురోడ్డు_బ్యాచ్
రాదు. అడ్మిన్ గారూ తాళం వేసెయ్యండి. ఫుల్ మీల్స్ అని బోర్డు ఉందని బిర్యానీ అడిగితే పెడతారా?

పాలసీ_బుచ్చి
నేను బుచ్చిరెడ్డిపాలెంలో పాలసీలే చేస్తా కాబట్టి నన్ను తిట్టే ముందు ఇది చదవండి. ఫుల్ ఇన్సూరెన్స్ అనేది మన నోటి మాటే గానీ పాలసీ కాగితం మీద ఆ మాట ఎక్కడా ఉండదు. థర్డ్ పార్టీ ఒకటి, మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి, అది చట్టం ప్రకారం ఉండి తీరాలి. మన బండి డామేజీకి ఇచ్చేది ఇంకొకటి. రెండూ కలిపి తీసుకుంటే దాన్నే ఫుల్ అంటాం. జీరో డెప్ అంటే క్లెయిమ్ పాస్ అయిన తర్వాత కోత పెట్టరని, అంతవరకే. మామూలుగా ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకి, బ్యాటరీకి 50 శాతం కోస్తారు, ఫైబర్‌కి 30 శాతం, ఇనప సామాన్లకి బండి వయసును బట్టి, నాలుగు నుంచి అయిదేళ్ల బండికైతే 35 శాతం. జీరో డెప్ ఉంటే ఆ కోత చాలావరకు తప్పుద్ది. అసలు క్లెయిమే రానిదానికి జీరో డెప్ ఉండి ఏం లాభం? మీ ఏజెంటు ఫోన్లో ధైర్యం చెప్పాడు, బానే ఉంది, అదే మాట వాట్సాప్‌లో రాసి పంపమనండి, అప్పుడు తెలుస్తది.

కనిగిరి_కుర్రోడు
పంపమన్నా అన్నా. బ్లూ టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

కావలి_సర్వేయర్
నేను మోటార్ సర్వేలు, అంటే క్లెయిమ్ వచ్చిన బళ్లు చూసి నష్టం లెక్కగట్టే పని, చేసి రిటైరయ్యాను. తమ్ముడూ, ముందుగా ఒక మాట, ఇంజిన్ విప్పమని ఎవరికీ ఊ అనొద్దు. మిగతాది తర్వాత.

మన దేశంలో ప్రైవేటు కార్ల ప్యాకేజీ పాలసీలో, అంటే మీరు ఫుల్ అనేదాంట్లో, వేటికి డబ్బు ఇస్తారో ఒక జాబితా ఉంటుంది. అగ్ని ప్రమాదం, పేలుడు, తనంతట తాను అంటుకోవడం, పిడుగు, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుపాను, కొండచరియలు, ఉగ్రవాద చర్య, రవాణాలో దెబ్బ తినడం, ఆపైన బయటి నుంచి జరిగిన ప్రమాదం. ఆ బయటి నుంచి అన్న మాట దగ్గరే మీ కేసు ఉంది. ఇవ్వనివి కూడా అందులోనే రాసి ఉంటాయి: అరుగుదల, తరుగుదల, మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్, ఒక దెబ్బ వల్ల తర్వాత వచ్చే పర్యవసాన నష్టం. టైమింగ్ బెల్టు తెగినా, క్లచ్ ప్లేటు కాలినా, గేర్‌బాక్స్ మొరాయించినా, టర్బో పోయినా ఇన్సూరెన్స్‌కి సంబంధం లేదు. టైరు సంగతీ అంతే, ఒక్క టైరే పగిలితే ఇవ్వరు, దానితోపాటు బండికి కూడా డామేజీ జరిగితేనే టైరుకి సగం ఇస్తారు. ఇక్కడో విచిత్రం ఉంది, వైరింగ్ పాడైతే ఇవ్వరు గానీ ఆ వైరింగ్ షార్టయి బండి తగలబడితే అగ్ని ప్రమాదం కింద ఇస్తారు. జరిగిన నష్టం ఒక్కటే చూడరు, దానికి మూలం ఏంటో చూస్తారు.

కాబట్టి నీ ఇంజిన్ పట్టేసిందా లేదా అన్నది కాదు ప్రశ్న. ఆయిల్ ఎటు పోయింది? కింద ఆయిల్ చాంబర్‌కి రాయి తగిలి పగిలిందా, లోపల పంపు చచ్చిందా, టర్బో సీల్ పోయి ఆయిల్ తాగేసిందా, వారం కిందట ఆయిల్ మార్చినోళ్లు ఏదైనా వదులుగా బిగించారా? ఒక్కోదానికి డబ్బు కట్టాల్సినవాళ్లు వేరు. విప్పేసి కడిగేశాక ఆ ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పలేరు. బండిని ర్యాంపు ఎక్కించి కింద ఫోటోలు తీసి పెట్టు.

గ్రానైట్_బండి
చీమకుర్తి నుంచి రాస్తన్నా. ఆ రోడ్డు మీద రాత్రిపూట మా లారీల మీంచి జారిన ముక్కలు ఉండనే ఉంటాయి, దాచేదేముంది. మా చినాన్న కారుకి అట్టాగే ఆయిల్ చాంబర్ పగిలింది. ఆయన లైటు చూసుకోలా, క్వారీ దాకా పోనిచ్చాడు, ఇంజిన్ పోయింది. ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చి చూసి చాంబరు, గాస్కెట్టు ఇచ్చారు, ఇంజిన్ ఇయ్యలా. బిల్లులో 12 వేలు వాళ్లది, లక్షా చిల్లర మనది. గొడవపడితే పాలసీలో ఒక లైను చూపించారు, రిపేరు చేయించకుండా బండి నడిపితే ఆ తర్వాత పెరిగిన డామేజీ అంతా ఓనరుదే అని.

కావలి_సర్వేయర్
ఆ లైను అన్ని పాలసీల్లోనూ ఉంటుంది. ప్రమాదం గానీ బ్రేక్‌డౌన్ గానీ అయితే బండిని దిక్కులేకుండా వదలకూడదు, రిపేరుకి ముందు నడిపితే పెరిగిన నష్టానికి మేం పూచీ కాదు అని. మీ చినాన్న గారికి ఇంజిన్ ప్రొటెక్ట్ (పాలసీకి అదనంగా డబ్బు కట్టి కలుపుకునే ఇంజిన్ కవర్) ఉండి ఉంటే కథ కొంత వేరుగా ఉండేది, రాయి తగిలి ఆయిల్ కారిపోయి ఇంజిన్ పోవడం దాని పరిధిలోకి వస్తుంది. అప్పుడు కూడా లైటు వెలిగాక ఎంత దూరం నడిపారు అన్నది అడుగుతారనుకోండి.

ట్రంకురోడ్డు_బ్యాచ్
మరింకేం, రాయి తగిలిందని రాయించెయ్యి తమ్ముడూ. ఆ రోడ్డులో రాళ్లకేం కరువు, ఎవడు చూడొచ్చాడు.

కావలి_సర్వేయర్
నేను చూశాను, కొన్ని వందల బళ్లు. రాయి నిజంగా తగిలితే గీత ముందు నుంచి వెనక్కి సాగుతుంది, దెబ్బ తగిలిన చోట లోహం తెల్లగా మెరుస్తూ అంచులకి పెయింట్ పెచ్చు లేచి ఉంటుంది, ఆయిల్ అక్కడి నుంచే మొదలై వెనక్కి పారి ఉంటుంది. షెడ్డులో సుత్తితో కొట్టినదైతే కింద నుంచి పైకి గుండ్రంగా గుంట పడుతుంది, పక్కన ఉన్న మట్టి మాత్రం చెక్కుచెదరదు. గుంట లోపల దుమ్ము పట్టి ఉంటే అది పాత దెబ్బ. అబద్ధపు క్లెయిమ్ అని తేలితే వచ్చేది కూడా రాదు. ఇలాంటి సలహాలు ఇక్కడ ఇవ్వకండి బాబూ.

ట్రంకురోడ్డు_బ్యాచ్
జోకు వేశా పెద్దాయనా, వదిలెయ్యండి.

కోవూరు_రొయ్యలు
ఇంజిన్ ప్రొటెక్ట్ మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి చెప్తా. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు మా కోవూరు పక్కన హైవే కోసుకుపోయింది, పడుగుపాడు కాడ రైలు పట్టాలు గాల్లో వేలాడినయ్, అందరికీ గుర్తుండే ఉంటది. మా వీధిలో రెండు కార్లు మునిగాయి. రెండూ ఇంచుమించు ఒకే లోతులో, సీట్ల దాకా. ఒకాయన నీళ్లు తీశాక బండి జోలికి పోకుండా బ్యాటరీ వైరు పీకేసి ఇన్సూరెన్స్‌కి ఫోన్ చేశాడు. లారీ మీద ఎత్తుకుపోయారు, ఇంజిన్ క్లీనింగు, సీట్లు, వైరింగు, చాలావరకు వచ్చింది. రెండో ఆయన ఆత్రం పట్టలేక చూద్దాం స్టార్టవుద్దేమోనని సెల్ఫ్ కొట్టాడు. నీళ్లు సిలిండర్లో ఉన్నాయి, నీళ్లు నలగవు గదా, కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. వరద డామేజీ ఇస్తాం గానీ ఇంజిన్ నువ్వు స్టార్ట్ చేసినందువల్ల పోయింది అన్నారు. ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు ఆయనకి. రొయ్యల రేటు పడిపోయిన సీజను, మనిషి పాపం నెలరోజులు మాట్లాడలా.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మాత్రం వీధిలో ఒక్కరు కూడా తాళం ముట్టుకోలేదు లెండి.

మస్తాన్_షెడ్డు
ఒంగోలులో నాకు షెడ్డు ఉంది, కొత్త బండ్లు తక్కువ, వారంటీ దాటిన బండ్లే నా కాడికొస్తాయి. కనిగిరి తమ్ముడూ నువ్వు మొదటి పోస్టులో ఒక ముక్క రాశావు చూడు, పోయిన వారమే ఆయిల్ మార్పించాం అని, నేను అక్కడే ఆగా. ఊళ్లో తిరిగినన్నాళ్లు ఏం కాలేదు, మొదటిసారి లాంగ్ పోతే ఆయిల్ మొత్తం పోయింది. రాయి గురించి తర్వాత చూద్దువు గానీ ముందు ఆయిల్ ఫిల్టరు చూడు.

ఏం జరుగుద్దంటే పాత ఫిల్టరు ఊడదీసేటప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోద్ది. కుర్రాడు చూసుకోడు, గుడ్డతో తుడిచి కొత్త ఫిల్టరు బిగించేస్తాడు. రింగు మీద రింగు. నిదానంగా పోయినప్పుడు పట్టి ఉంటది, కారినా చుక్కా చుక్కా కారుద్ది. హైవే ఎక్కి ప్రెషర్ పెరిగిందా, పై రింగు పక్కకి జారి ఆయిల్ పిచికారీ కొట్టినట్టు పోద్ది. లైటు వెలిగే సరికి చాంబర్లో ఏం మిగలదు. ఎర్ర లైటు అంటే ఆయిల్ తగ్గిందని చెప్పడం కాదు, ప్రెషర్ లేదని చెప్పడం. అది వెలిగితే అక్కడికక్కడ ఆపి తాళం తీసెయ్యాల. మీ బావమరిదిని ఏమనను గానీ చీమకుర్తి దాకా అనుకున్నాడే, ఆ కాసేపట్లోనే బేరింగులు క్రాంకుకి అతుక్కుపోయుంటాయి.

ర్యాంపు మీద మూడు చోట్ల చూడు. చాంబర్ కింద దెబ్బ ఉందా. డ్రెయిన్ బోల్టు చుట్టూ తడి ఉందా. ఫిల్టరు చుట్టూ, దాని వెనక గేర్‌బాక్స్ మీద ఆయిల్ చిమ్మిన చారలు ఉన్నాయా. ఫిల్టరు మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దు, వెయ్యనీయొద్దు.

కనిగిరి_కుర్రోడు
పొద్దున్నే బస్సెక్కి వచ్చా. ర్యాంపు ఎక్కించడానికే మధ్యాహ్నం చేశారు, సార్ లేడు, టెక్నీషియన్ లేడు అని. మా తమ్ముడితో వీడియో తీయించా. చాంబర్ కింద దెబ్బ లేదు, పాత గీతలు రెండున్నాయి, వాటిల్లో మట్టి గట్టిపడి ఉంది. డ్రెయిన్ బోల్టు పొడిగా ఉంది. ఫిల్టరు దగ్గర్నించి మాత్రం వెనక దాకా నల్లగా తడి, గేర్‌బాక్స్ మీద చారలు చారలుగా, కింద ప్లాస్టిక్ కవర్లో ఆయిల్ నిలిచి ఉంది. ఇప్పుడు అమ్మకి ఫోన్ చేస్తే ఇంటి ముందు గచ్చు మీద నల్ల మరకలు చూశాను రా, ఎవరి బండిదో అనుకున్నా అంటది.

అడ్వైజర్‌కి చూపిస్తే ఇంజిన్ పోయినప్పుడు ఆయిల్ అట్టాగే చిమ్ముద్ది సార్ అంటున్నాడు.

మస్తాన్_షెడ్డు
చిమ్ముద్ది, బ్లాకు పగిలితే. నీ బ్లాకు పగల్లేదు కదా. డ్రెయిన్ చేసి మిగిలిన ఆయిల్‌ని కొలత డబ్బాలోకి పట్టమను. పోసింది ఎంతో సర్వీస్ బిల్లులో లీటర్లతో సహా ఉంటది. అయిదు పోసి వారం తిరక్కముందే ఒకటి మిగిలితే మిగతా నాలుగు ఎటు పోయాయో వాళ్లనే చెప్పమను.

ఒంగోలు_ప్లీడరు
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను. ఇది ఇక ఇన్సూరెన్స్ కేసు కాదు, వారంటీ కేసు కూడా కాదు. డబ్బు తీసుకుని చేసిన సర్వీసులో లోపం. మీ వారంటీ ఎప్పుడు అయిపోయిందన్నదానితో దీనికి పని లేదు. వారంటీ అంటే తయారీలో లోపం ఉంటే కంపెనీ సరిచేస్తానని ఇచ్చిన మాట. పోయిన వారం బిగించిన ఫిల్టరు సరిగ్గా బిగించకపోతే అది ఆ వర్క్‌షాపు బాధ్యత, బండి పదేళ్లదైనా సరే.

ఇవాళే చెయ్యండి. ఫిల్టరు ఇంకా విప్పలేదు, అదే మీ బలం. ఒక తెల్ల కాగితం మీద, ఫలానా తేదీన మీ దగ్గర ఆయిల్, ఫిల్టరు మార్పించాను, ఫలానా తేదీన ఇంజిన్ ఆగింది, నేను లేకుండా ఏ భాగమూ విప్పవద్దు, విప్పిన భాగాలు నాకు ఇవ్వాలి అని రాసి ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. స్టాంపు వెయ్యకపోతే అదే ఈమెయిల్ చేసి కారు కంపెనీ కస్టమర్ కేర్‌కి కూడా కాపీ పెట్టండి. పాత సర్వీస్ బిల్లు, జాబ్ కార్డు, టోయింగ్ రసీదు దాచండి. విప్పేటప్పుడు బయటి మెకానిక్‌నో ఇంజినీర్‌నో వెంట పెట్టుకుని, ఆపకుండా వీడియో తీయండి.

మాట వినకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా పర్వాలేదు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. రెండేళ్ల గడువు ఉంది. దానికి ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి, ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది. ఎర్ర లైటు వెలిగాక నడిపారని వాళ్లు తప్పక వాదిస్తారు, దానికి సిద్ధంగా ఉండండి. ఆ వాదన వల్ల మీకొచ్చే మొత్తం తగ్గవచ్చు గానీ వాళ్ల లోపం మాసిపోదు.

పాలసీ_బుచ్చి
పక్కన ఇంకో సంగతి. ఇన్సూరెన్స్ వాళ్లతోనే తగాదా అయినోళ్లు కోర్టుకంటే ముందు అంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు, మన ఆంధ్రాకి హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా చూస్తారు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి ఉండాలి. ఈ తమ్ముడి కేసుకి కాదులే, చదివేవాళ్లకి.

మార్కాపురం_టీచర్
వారంటీ ఉన్నా అంత తేలిగ్గా ఇవ్వరండీ, మాకు జరిగింది చెప్తాను. మాది ఆటోమేటిక్ గేర్ల చిన్న కారు, ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నాం. దోర్నాల ఘాట్‌లో గేరు పడక ఆగిపోయింది. యాక్చుయేటర్ అనే భాగం పోయిందని, 50 వేల పైన అవుతుందని చెప్పారు. ఎక్స్‌టెండెడ్ ఉందిగా అంటే సర్వీస్ పుస్తకం చూసి, మధ్యలో ఒక సర్వీస్ గడువు దాటాక చేయించారు కాబట్టి రాదు అన్నారు. కోవిడ్ లాక్‌డౌన్ నెలలవి! సర్వీస్ సెంటరే మూసి ఉంది. ఆ రోజుల్లో గడువు పొడిగిస్తున్నామని కంపెనీ వాళ్లే పంపిన మెసేజ్ మావారి ఫోన్లో ఉండబట్టి సరిపోయింది, అది చూపించాక ఒప్పుకున్నారు. యాక్చుయేటర్ ఉచితంగా వేశారు. క్లచ్ ప్లేటు మాత్రం అరిగే వస్తువు అని మా చేతే కట్టించారు. బ్రేక్ ప్యాడ్లు, వైపర్లు, బల్బులు, ఫిల్టర్లు, బెల్టులు కూడా అంతే. బయట గ్యాస్ కిట్ పెట్టించినా, వైరింగ్ కోసి పెద్ద హారన్లు, లైట్లు పెట్టించినా దానికి సంబంధించిన భాగాలకి వారంటీ పోయినట్టే.

సింగరాయకొండ_బాబు
మధ్యలో అడుగుతున్నా ఏమనుకోవద్దు, సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నా, డీలర్ ఆరు నెలలు వారంటీ అంటున్నాడు, నమ్మొచ్చా?

మస్తాన్_షెడ్డు
కాగితం మీద ఏం రాశాడో చదువు. సగం వాటిల్లో ఇంజిన్, గేర్‌బాక్స్ లోపలి సామాను వరకే ఉంటది, ఏసీ, సస్పెన్షన్, టర్బో ఉండవు. ఒక్కో క్లెయిమ్‌కి ఇంతకు మించి ఇవ్వమని గరిష్ఠం కూడా పెడతారు. నోటి మాట వారంటీ అయితే షోరూం గేటు దాకే.

మార్కాపురం_టీచర్
పాత ఓనరుకి కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ మిగిలి ఉందేమో కూడా అడగండి బాబూ. చాలావరకు బండితోపాటే కొత్త ఓనరుకి మారుతుంది, పేరు మార్పించుకోవాలి. అలాగే అది ఏ సంవత్సరం బండో చూసుకోండి. మారుతి వాళ్లు 2024 జూలై నుంచి కొత్త బండ్లకి 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు ఇస్తున్నారు, అంతకుముందు 2 ఏళ్లు, 40 వేలే. ఏది ముందు దాటితే అది.

గూడూరు_కరెంటుబండి
మా కరెంటు కార్లకి ఈ ఆయిల్ గోలే లేదు. బ్యాటరీకి 8 ఏళ్లు, 1,60,000 కిలోమీటర్లు వారంటీ 😎

కోవూరు_రొయ్యలు
మా వీధిలో అడుగు పెట్టు వానాకాలంలో, వారంటీలో వరద ఉందేమో చూద్దాం.

కనిగిరి_కుర్రోడు
అప్‌డేట్. ప్లీడరు గారు చెప్పినట్టే కాగితం ఇచ్చా. స్టాంపు వెయ్యం అన్నారు, ఈమెయిల్ పెట్టి కంపెనీకి కాపీ పెట్టా. తెల్లారి కంపెనీ నుంచి ఫోన్, ఇంకో గంటకి ఇక్కడ మేనేజర్ గారే బయటికొచ్చి కాఫీ ఇప్పించాడు. నిన్నటిదాకా ఈయన సెలవు అన్నారే.

మస్తాన్ అన్న మాకోసం షెడ్డు వదిలి వచ్చాడు, ఆయన రుణం తీర్చుకోలేను. అందరి ముందూ ఆయిల్ తీశారు, లీటరు కూడా లేదు. తర్వాత ఫిల్టరు. ఊడి వచ్చేసరికి దాని రింగు ఒక పక్క బయటికి నాలుక చాపినట్టు వేలాడుతోంది. అన్న టార్చి వేసి లోపల వేలితో తడిమి, ఇంజిన్‌కి అతుక్కుని ఉన్న పాత రింగుని గోరుతో లేపి నా చేతిలో పెట్టాడు. గట్టిపడి, చపటగా అయిపోయి ఉంది. కుర్ర టెక్నీషియన్ మొహం చూడలేకపోయా.

మేనేజరు అప్పుడు కూడా, ఫిల్టరు మా వల్ల జరిగిందే అనుకుందాం, లైటు వెలిగాక మీరు ఆపి ఉంటే నాలుగు లీటర్ల ఆయిల్‌తో పోయేది, ఇంజిన్ పోవడానికి కారణం మీరు అంటున్నాడు. సగం సగం పెట్టుకుందాం అంటున్నాడు. ఒప్పుకోవాలా?

ట్రంకురోడ్డు_బ్యాచ్
సగం అంటే 95 వేలు. బావమరిదితో కట్టించు.

కావలి_సర్వేయర్
ఆయన వాదనలో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాలి. లైటు ఎక్కడ వెలిగింది, ఎక్కడ ఆగింది, మధ్యలో ఎంత?

కనిగిరి_కుర్రోడు
బావమరిది లెక్క ప్రకారం రెండు కిలోమీటర్లకి మించదు. రాత్రి పది దాటింది, వెనక సీట్లో మా అక్క, చిన్నపిల్ల. అటు ఇటు పొలాలు, లారీలు మీదికొస్తుంటే పక్కన ఆపే జాగా కూడా లేదంటాడు.

ఒంగోలు_ప్లీడరు
ఈ వివరం చాలా ముఖ్యం. చీకట్లో చిన్నపిల్లతో సురక్షితమైన చోటు దాకా రెండు కిలోమీటర్లు వెళ్లడాన్ని నిర్లక్ష్యం అని నిరూపించడం వాళ్లకి అంత సులువు కాదు. మీరు కోర్టుకి వెళ్తే గెలిచే అవకాశం బాగానే ఉంది, కాకపోతే కాలం పడుతుంది, అన్నాళ్లూ బండి అక్కడే ఉంటుంది. సగానికి ఒప్పుకోకండి. హాఫ్ ఇంజిన్, సామాను మొత్తం వాళ్లది, లేబర్‌లో కొంత మీది, అక్కడ మొదలుపెట్టండి.

మస్తాన్_షెడ్డు
టర్బో మర్చిపోవద్దు. ఆయిల్ లేకుండా తిరిగితే టర్బో షాఫ్టు కూడా దెబ్బ తింటది. ఇప్పుడు చూడకుండా హాఫ్ ఇంజిన్ వేసి పంపిస్తే మూడు నెలలకి టర్బో ఈల వేస్తది, అప్పుడు అది వేరే కంప్లైంటు సార్ అంటారు. షాఫ్టులో ఆట, అంటే వదులుగా కదలడం, ఉందేమో చూపించి బిల్లులో రాయించు.

కనిగిరి_కుర్రోడు
తేలింది. హాఫ్ ఇంజిన్, గాస్కెట్లు, ఆయిల్, ఫిల్టరు వాళ్లవి. టర్బో విప్పి చూస్తే ఆట ఉంది, దాని రిపేరు, లేబర్‌లో సగం నాది. నా వాటా 32 వేలు వేశారు. ఇంకా బేరమాడొచ్చేమో గానీ కొట్టు మూసుకుని తిరగలేక ఒప్పుకున్నా. ఏజెంటు ఇవాళ జవాబు పెట్టాడు, 'మెకానికల్ అయితే రాదు బ్రదర్' అని. చెల్లెమ్మ పెళ్లికొచ్చినంత తీరిగ్గా.

రెండు ప్రశ్నలు ఉన్నాయి. రెన్యువల్‌కి ఇంజిన్ ప్రొటెక్ట్ తీసుకోవాలా? ఆ రెండు రింగులు, పాత ఫిల్టరు ఇచ్చెయ్యమని అడుగుతున్నారు, ఇచ్చెయ్యాలా?

పాలసీ_బుచ్చి
మీ బండికి అయిదేళ్లు దగ్గర పడుతుంది, వయసు దాటితే కొన్ని కంపెనీలు ఇంజిన్ ప్రొటెక్ట్ ఇవ్వవు, కాబట్టి రెన్యువల్ గడువు దాకా ఆగకుండా ముందే నాలుగు కంపెనీల్లో అడగండి. అయితే ఇది గుర్తు పెట్టుకోండి, మీకు ఇప్పుడు జరిగినదానికి అది ఉన్నా వచ్చేది కాదు. నీళ్లు పోయినా, కింద దెబ్బ తగిలి ఆయిల్ కారినా అయితేనే అది పనికొచ్చేది. కనిగిరిలో మునిగే వానలు తక్కువ, చీమకుర్తి రోడ్డు రాళ్ల కోసమైతే తీసుకోండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ మాత్రం తప్పకుండా పెట్టించుకోండి, తక్కువకే వస్తది, మెకానికల్‌గా ఆగినా టోయింగ్ చేస్తారు.

ఒంగోలు_ప్లీడరు
రింగులు ఇవ్వకండి. ఒప్పుకున్నదంతా లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి, కొత్తగా వేసిన హాఫ్ ఇంజిన్‌కి, టర్బో రిపేరుకి ఎన్ని నెలల వారంటీ ఇస్తున్నారో బిల్లు మీద ఉండాలి. బండి తీసుకుని నాలుగు రోజులు తిప్పి, పొద్దున్నే కింద మరకలు లేవని చూసుకున్నాక ఫిల్టరు కావాలంటే ఇవ్వండి. రింగులు అప్పటికీ వద్దు.

కనిగిరి_కుర్రోడు
సరే సార్. ప్లాస్టిక్ కవర్లో వేసి పాలసీ ఫైల్లో పెట్టా. శనివారం బండి ఇస్తామన్నారు, ఈసారి నేనే నడుపుకొస్తా.